పోలమ్మ పక్కన దానయ్య

మా స్టూడియోలో సముద్రం గోడకు వేలాడుతూ ఉంటుంది. ఎప్పుడో కరీంనగర్ నుంచి ఒక పెయింటరును పిలిపించి గీయించిన పరదా అది. నీలం నీళ్లు, రెండు కొబ్బరి చెట్లు, దూరంగా ఒక తెల్ల ఓడ. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ల కొత్త జంటలు, దుబాయికి పోయేవాళ్లు, పోయి వచ్చినవాళ్లు అందరూ దాని ముందర నిలబడి ఫోటో దిగినవాళ్లే. ఈ మధ్య ఒక పెళ్లికొడుకు దాన్ని ఎగాదిగా చూసి, "అంకుల్, దీని ముందట దిగితె మా తాత ఫోటో లెక్క ఉంటది" అన్నాడు. నాకు ఆ మాట నాటుకుంది. అసలు సముద్రాన్నే పోయి ఫోటో తీసి, పెద్ద బ్యానరు మీద ప్రింటు వేయిద్దామనుకున్నాను.

ఇంట్లో చెబితే నా భార్య లీల నవ్వింది.

"ఫోనుల కొడితె లక్ష సముద్రాలస్తయి. ఒకటి తీస్కోరాదు?"

"ఎవలో తీసిన సముద్రం నాకెందుకే?"

"అవునవును. నువ్వు తీస్తె ఉప్పు ఎక్కువుంటది."

నవ్వినా తనే ముందు సంచి సర్దుకుంది. సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి, కోరుట్లలో కాపురం చేసిన మనిషి. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు తప్ప ఎక్కడికి తీసుకుపోయాను గనుక.

మాకు సముద్రం ఒడ్డున ఒక ఇల్లు ఉంది. అంటే నా స్నేహితుడు నూకరాజు ఇల్లు. శ్రీకాకుళం జిల్లాలో పలాసకు అవతల, మొగలిపొదలు దాటి ఇసుకలోకి పోతే చేపలు పట్టేవాళ్ల చిన్న ఊరు. మస్కట్‌లో మేమిద్దరం ఒకే క్యాంపులో, ఒకే గదిలో కింద మంచం, పై మంచం. ఎడారి నడుమ క్యాంపు కాబట్టి అన్నేళ్లున్నా నేను సముద్రాన్ని బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. అక్కడ నన్ను "బావా" అని పిలవడం మొదలుపెట్టినవాడు ఇప్పటికీ మానలేదు. పండక్కి ఫోను చేసినప్పుడల్లా, "నువ్వు రావు బావా. మాటలే నీవి" అని దెప్పుతాడు.

బయలుదేరే ముందు కొండగట్టు పోయి, కెమెరాను అంజన్న ముందు పెట్టి దండం పెట్టుకున్నాను. సముద్రం సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు.

నూకరాజు పలాస స్టేషనుకు ఆటో తెచ్చాడు. నన్ను కావలించుకుని, లీలను చూసి, "సెల్లెమ్మా, ఈ మనిషిని ఇన్నాళ్లు ఎలగ బరించినావు? గురక కొడతాడు కదా" అన్నాడు.

"నువ్వు కింద మంచంల పండినవ్ గద అన్నా, నీకెర్కే" అంది లీల.

ఇంటి దగ్గర వాళ్లమ్మ పోలమ్మ ఎదురొచ్చింది. సన్నగా, నల్లగా, నిటారుగా ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నుదుటి మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు, మోచేతి దాకా మట్టిగాజులు. నూకరాజు తండ్రి దానయ్య తుఫానులో పోయాడని మస్కట్‌లోనే విన్నాను. అందుకని ఆ బొట్టు, గాజులు చూసి కొంచెం ఆశ్చర్యపోయాను. మా వైపు ఇంకా చాలా ఇళ్లలో అవి ఉంచరు. ఇక్కడి ఆచారం వేరేమో, ఆడవాళ్లను అంత బాధపెట్టరేమో అనుకున్నాను. మంచిదే అనిపించింది. ఎవరినీ అడగలేదు.

మర్నాడు పొద్దున సముద్రం దగ్గరికి పోయాను. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. నీళ్లను చూసి కాదు, కెమెరా ఎక్కడ పెట్టాలో తెలియక. ఇన్నేళ్లుగా ముఖాలు తీసిన చెయ్యి ఇది. కళ్లు ఇటు, గడ్డం కొంచెం కిందికి, నవ్వు, అయిపోయింది. సముద్రానికి గడ్డమూ లేదు, కళ్లూ లేవు, చెబితే ఆగదు. అలను తీద్దామని నొక్కితే అది పోయి నురగ మిగిలేది. ఎర్ర పీతలు కనబడి వంగితే బొరియల్లోకి దూరేవి. పడవల ముక్కుల మీద గీసిన కళ్లు, ఎండబెట్టిన చేపల వరుసలు, సరుగుడు తోపు, వలలు బాగుచేసుకునే మగవాళ్ల వేళ్లు, అన్నీ తీశాను. లీల ఆ వలల దగ్గరే కూర్చుండిపోయింది. తెగిన దారాన్ని ఎట్లా కలుపుతున్నారో చూసి, "మా నాయిన సాంచెల గిట్లనే ముడేస్తుండె" అని వాళ్లతో వాదం పెట్టుకుంది.

సాయంత్రం నూకరాజు నా ఫోటోలు చూశాడు.

"బావా, అన్నిట్లోనూ సముద్రం ఓ పక్కకి ఒలికిపోతందేటి?"

చూస్తే నిజమే. ప్రతి ఫోటోలో నీటి గీత వంకరగా ఉంది. మా దగ్గర పొలమూ గుట్టా ఎట్లా ఉన్నా చెల్లుతుంది. ఇక్కడ ఒకటే గీత. అది వంగితే లోకమే వంగినట్టు ఉంది.

"రేపు గాలి తగ్గినాక తియ్యి" అన్నాడు. తర్వాత చాప అంచు పోగులు పీకడం మొదలుపెట్టాడు. వాడు అట్లా ఉంటే ఏదో అడగబోతున్నాడని నాకు క్యాంపు రోజుల నుంచీ తెలుసు.

"బావా, మా అయ్యది ఫోటో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో ఎవుడు తీసినాడు? నువ్వు లేనోల్లకి కూడా ఫోటోలు సేత్తావని ఫోన్లో సెప్పేవోడివి. అందరూ నేను మా అయ్య పోలికంటారు. నా మొకం తీసుకుని సెయ్యి."

అది నా వృత్తిలో ఉన్న పనే. ఫోటో లేకుండా పోయినవాళ్లకు కొడుకు ముఖం, తమ్ముడి ముఖం తీసుకుని, మీసం పెట్టి, తలపాగా చుట్టి ఫోటో తయారుచేస్తాం. ఆ ఇంటివాళ్లు చూసి ఏడిస్తే బాగా వచ్చిందని లెక్క. "దానికేంది బావా" అన్నాను. ఆ మర్నాడే వాడి ముఖం తీసి, నా ల్యాప్‌టాప్‌లో కూర్చుని, వాడు చెప్పినట్టు గుబురు మీసం పెట్టి, పాతకాలపు క్రాఫు దువ్వి, భుజాన తువ్వాలు వేశాను. పలాసలో ఒక స్టూడియో అతను ప్రింటు వేసి ఫ్రేము కట్టిచ్చాడు. చెయ్యి ఊరుకుంటుందా. మా కోరుట్ల పద్ధతిలో వెనక లేత నీలం రంగు, నుదుట బొట్టు, ఫ్రేముకు గంధపు చెక్కల దండ, కింద చిన్న ఎర్ర బల్బు. వట్టి ఫ్రేము ఇవ్వడం నాకు చేతకాదు. నూకరాజు దాన్ని చూసి తువ్వాలుతో అద్దం తుడిచాడు. రెండు చేతులతో పట్టుకుని ఇంటికి తెచ్చాడు.

పోలమ్మ అప్పుడే చేపల గంప దింపి కాళ్లు కడుక్కుంటోంది. కొడుకు ఫ్రేమును బల్ల మీద నిలబెట్టి పక్కకు జరిగాడు. ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. చూసింది.

"మా రాజుకి దండేటి?" అంది. "నా కొడుక్కి దండెవులేసినారు?"

చెయ్యి జాపి దండను లాగేసింది. దారం తెగి గంధపు ముక్కలు గది నిండా చెదిరాయి. వెనక నిలబడ్డ కొడుకును పట్టుకుని తల, భుజాలు, చేతులు తడిమి చూసింది. చిన్నప్పుడు కిందపడ్డ పిల్లవాడిని చూసినట్టు.

"అమ్మా, నేను కాదే. అయ్య" అన్నాడు నూకరాజు.

ఆమె మళ్లీ ఫోటో వైపు తిరిగింది. ఈసారి చాలాసేపు చూసింది.

"మీ అయ్యకి దండెందుకురా?" అని నెమ్మదిగా అడిగి, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి పోయింది.

నూకరాజు బయటికి నడిచాడు. నేను వెంట పోయాను. వాడు తన పడవ నీడలో ఇసుక మీద కూలబడ్డాడు.

"తప్పు నాది బావా. నీకు సెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు. తుపానుకి ముందు యేటకెల్నాడు, మరి రాలేదు. తెప్ప రాలేదు, మనిషి రాలేదు. ఒడ్డుకి ఏదీ కొట్టుకురాలేదు. అందుకని నీల్లొదలమని ఊల్లో ఎవులన్నా ఊరుకోదు. పంతులుగారేమో దర్బతో బొమ్మ సేసి కర్మ సెయ్యొచ్చంటారు. ఇప్పుడు నేను మా అయ్య కన్నా పెద్దోడినైపోనాను. మా అయ్య దాహంతో తిరుగుతన్నాడేమో అని నిద్ర రాదు బావా. గోడ మీద దండేసిన ఫోటో ఉంటే, రోజూ సూసి సూసి ఆవిడే ఒప్పుకుంటాదనుకున్నాను."

"ఒప్పుకుంటె?"

"గాజులు తీసెయ్యాలి" అన్నాడు ఇసుకలోకి చూస్తూ. "అందుకే నా నోటితో అడగలేకపోనాను."

ప్రతి ఏడూ ధర్మపురిలో గోదావరి గట్టున మా నాయినకు తద్దినం పెడతాను. పిండం నీళ్లలో వదిలినప్పుడు నా గుండె తేలికవుతుంది. ఆ తేలిక వీడికి లేదు. కొడుకుగా వీడు కోరుకునేది ధర్మమే. కానీ ఆ తల్లి చేతులు కొడుకును తడమడం నేను చూశాను. ఆ చేతుల మీది గాజులు తీయించే ధర్మం ఎవరికి తృప్తి? పోయినవాడికా? దేవుడికా? నాకు తెలియదు. ధర్మపురి నరసింహస్వామిని మనసులో అడిగాను. ఆయన కూడా సముద్రం వైపే చూస్తున్నట్టు అనిపించింది.

మేము తిరిగి వచ్చేసరికి లీల, పోలమ్మ అరుగు మీద కూర్చుని ఉన్నారు. లీల చెదిరిన గంధపు ముక్కలన్నీ ఏరి కొంగులో పోసుకుంది. మమ్మల్ని చూసి కూడా పోలమ్మ మాట ఆపలేదు.

"ఎర్రిదాన్ననుకుంటన్నారమ్మా. నాకెరక లేదేటి? ఇన్నేల్లు ఎవుడైనా సముద్రంలో బతుకుతాడేటి? కానీ సూడు, మా గంగమ్మ ఎవుల్నీ ఉంచీసుకోదు. మూడో దినానికి ఒడ్డున పెట్టేత్తాది. ఆయన్ని పెట్టలేదు. ఇచ్చీసినాను అని ఆవిడ సెప్పకుండా, పోనాడు అని నేనెలగ సెప్పీది? మొదట నేను సెప్పీయాలా?"

లీల కొంచెంసేపు ఆమె గాజులు చూస్తూ కూర్చుంది. తర్వాత అంది:

"అమ్మా, మా దిక్కు మొగోళ్లు శానమంది దుబాయిల ఉంటరు. ఏండ్లకేండ్లు రారు. ఇంటికాడ పెండ్లమొక్కతె మంచి చీర కట్టుకోని ఈయన స్టూడియకు అస్తది. ఆయనేమో ఆడ ఫోనుల దిగి పంపుతడు. ఈయన ఇద్దర్నీ ఒక్క సోఫల కూసోవెడ్తడు. దండుండది, లైటుండది. పక్కపక్కకు ఉంటరు, గంతే."

"అది అబద్దం కాదేటి?"

"అబద్ధమే. కని అందరికి ఎర్కున్న అబద్ధం. ఎవలు మోసపోతరు?"

ఆ ప్రశ్న నన్నూ ఎన్నోసార్లు కుట్టింది. పూజ చేసి దీపం పెట్టిన స్టూడియోలో కూర్చుని, కలిసి లేనివాళ్లను కలిపి చూపించడం పాపమా అని. ఎప్పుడూ తేలలేదు. లీల ఒక్క ముక్కలో చెప్పేసింది.

పోలమ్మ నా వైపు తిరిగింది.

"అల్లుడా, సెయ్యగలవా?"

"నువ్వు పక్కన కూసుండి జెప్తె చేస్త అత్తా. ముందుగాల అడగకుండ చేసిన. గది తప్పయింది."

"నాకూ సెప్పకుండానే పుట్టినాడు ఈడు" అంది కొడుకును చూపిస్తూ. "కూకో."

నూకరాజు వలలు చూసుకోవడానికి పోయాడు.

ముందు ఆమెను తీశాను. ఇంటి గోడకు ఆనించి కుర్చీ వేస్తే, పక్కన ఇంకో కుర్చీ వెయ్యమంది. ఆ ఖాళీ కుర్చీ వైపు కొంచెం ఒరిగి కూర్చుంది. వెనక సముద్రం పెడదామా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఒద్దు. గోడ పెట్టు. గోడే నయం."

తర్వాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. నేను మళ్లీ నూకరాజు ముఖంతోనే మొదలుపెట్టాను. ఆమె వేలు తెర మీద పెట్టి దిద్దించింది.

"ఈ ముక్కు మా తమ్ముడిది. అందరూ రాజు అయ్య పోలికంటారు గానీ ఈడికి మా ఇంటి ముక్కొచ్చింది. ఆయనది ఎడల్పు. ఇంకా. ఆఁ, అంతే. ఎడమ కన్ను సిన్నది సెయ్యి. ఎండకి ఆ కన్ను మూసి సూసీవోడు, అలగే ఉండిపోనాది. సెవి ఇటు తిప్పు. మరీ అంత కాదు, ఏనుగు కాదు కదా."

లీల పకపకా నవ్వింది. నేను చెరిపాను, గీశాను, మళ్లీ చెరిపాను. పొద్దు కొబ్బరి చెట్ల వెనక్కి జారింది. ఒక దగ్గర ఆమె వేలు తెర మీదే ఆగిపోయింది. ఊపిరి మాత్రం వినబడుతోంది. అప్పుడు తెలిసింది, వచ్చాడని.

ఆ ముఖాన్ని తీసుకుపోయి ఆమె పక్కనున్న ఖాళీ కుర్చీలో కూర్చోబెట్టాను. చొక్కా వేసి, పంచె కట్టి ఆమెకు చూపించాను. ఆమె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది.

"ఈ గుంటడెవుడమ్మా? నా కొడుకులాగున్నాడు."

నిజమే. పోయినప్పుడు ఉన్న వయసులోనే ఆయన ఆగిపోయాడు. పక్కన ఈమె తెల్లజుట్టుతో ఉంది. నాకు ఇట్లాంటి చిక్కు ఎప్పుడూ రాలేదు. చనిపోయినవాళ్ల ఫోటోకు వయసు పెరగదు. దుబాయివాళ్ల వయసు వాళ్లు పంపే ఫోటోలోనే వస్తుంది.

"నిన్ను చిన్నగ చెయ్యనా అత్తా? పెండ్లినాటి లెక్క?" అని అడిగాను. చాలామంది అదే కోరతారు.

"నన్నెందుకు? నేను ఇక్కడే ఉన్నాను కదా. నాకెంతొచ్చిందో ఆయనకీ అంతొచ్చింటాది. నాకన్నా పెద్దోడు కూడానూ." తెర మీది నల్లజుట్టు చూపించి, "ఆయన్నే ముసలోన్ని సెయ్యి" అంది.

అట్లా దానయ్యకు వయసు పోయడం మొదలుపెట్టాను. జుట్టు పలచన చేసి తెలుపు వేశాను. నుదుటి మీద ముడతలు గీశాను. చెంపలు లోపలికి లాగాను. ప్రతి దానికీ ఆమెను అడిగాను. మీసం దగ్గరికి వచ్చేసరికి ఆమె గట్టిగా అడ్డుపడింది.

"మీసం నల్లగుంచు. తెల్లబడితే ఆయన ఊరుకోడు. రంగేసుకుంటాడు."

"పండ్లు?" అంది లీల.

"పై పన్నొకటి తీసేయమ్మా. పొగాకు నవిలీవోడు, ఉండవు. నోరు మూసుకున్నాడు కదా, కనబడదులే. అయినా తీసేయ్."

కనబడని పన్ను ఎట్లా తీసెయ్యాలో నాకు తెలియదు. పై పెదవిని ఒకవైపు కొంచెం లోపలికి నొక్కాను. ఆమె తృప్తిగా తల ఊపింది.

మర్నాడు పలాస పోయి ప్రింటు తెచ్చాను. ఈసారి వట్టి ఫ్రేము. నేను వచ్చేసరికి నూకరాజు వేట నుంచి వచ్చి అరుగు మీద వల దులుపుతున్నాడు. నేను ఫోటో వాడి చేతికిచ్చాను. వాడు చూస్తూ ఉండిపోయాడు. ముసలి దానయ్య కుర్చీలో కూర్చుని, ఎడమ కన్ను చికిలించి, పక్కన మనిషి ఏదో అంటుంటే వింటున్నట్టు ఉన్నాడు.

"నాకు గుర్తున్న అయ్య కాదు బావా" అన్నాడు చివరికి. "కానీ ఇలగ ఉండీవోడే."

వాడు భుజంతో కళ్లు తుడుచుకున్నాడు. నేను పక్కకు చూశాను. వాడు తండ్రిని ముసలితనంలో చూడటం, నాలుగు మాటలు చెప్పుకోవడానికి ఒక పెద్ద మనిషి ముఖం దొరకడం, అదే మొదటిసారి అని నాకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్లూ వాడి తండ్రి వాడికన్నా చిన్నవాడుగా ఉన్నాడు.

పోలమ్మ లోపలినుంచి సుత్తి, మేకు తెచ్చింది.

"మీ గోల తరవాత. గోడకి కొట్టు."

"ఎక్కడ కొట్టాలి?"

"తలుపు పక్కన, ఈ అరుగు గోడకే. పోనోల్ల పక్క కాదు."

లోపలి గదిలో ఒక గోడ మీద వాళ్ల తాత, మేనత్త దండలతో ఉన్నారు. నూకరాజు ఒకసారి అటు చూసి, ఇటు వచ్చి మేకు పెట్టాడు.

"అమ్మా" అన్నాడు సుత్తి ఎత్తకుండా. "మరి నీల్ల సంగతి?"

ఆ ప్రశ్న వాడు తల్లిని నేరుగా అడగడం అదే మొదలు. లీల చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

పోలమ్మ కోపం తెచ్చుకోలేదు. కొడుకు దగ్గరికి పోయి, వాడి చొక్కా మీద అంటుకున్న చేప పొలుసును గోటితో తీసింది.

"మీ అయ్య దాహంతో ఉన్నాడని నీకు నిద్ర లేదని నువ్వు రాత్రులు తిరుగుతుంటేనే నాకు తెలుసురా. ఇంక వద్దనను నేను. నేనెల్లినాక సెయ్యి. నాకెలాగూ సేత్తావు కదా, ఇద్దరికీ కలిపే సేసేయ్. నేనెల్లి ఆయనెక్కడున్నాడో సూసుకుంటాను. ఆయనకీ తోడుంటాది, నీకూ ఒకటే పంతులు."

నూకరాజు నా వైపు తిరిగాడు.

"బావా, అలగ సెయ్యొచ్చా? నువ్వు పూజలూ అవీ సేత్తావు కదా. సెప్పు."

శాస్త్రంలో ఏముందో నాకు తెలియదు. పదో తరగతి చదివి కెమెరా పట్టినవాణ్ణి. తద్దినం మంత్రాల్లో సగం నాకు అర్థం కావు. తెలియదని చెప్పాలి, కానీ వాడు అడిగింది శాస్త్రం కాదు.

"పంతులును అడుగు బావా" అన్నాను. "కాదంటె ఇంకో పంతులును అడుగు. ఎవలో ఒకలు సరేనంటరు. దేవుడు మాత్రం మీ అమ్మ చెప్పినంక కాదంటడని నేననుకోను."

వాడు కొంతసేపు మేకు వైపు చూశాడు. తర్వాత కొట్టాడు. ఫ్రేము తగిలించి వెనక్కి జరగబోతుంటే పోలమ్మ అరుగు మీద తన చోటులో కూర్చుని, తల ఒకవైపు వంచి చూసింది.

"కిందికి దించు. ఇక్కడ కూకుంటే నాకు ఆయన గెడ్డమే అగుపడతంది."

వాడు మేకు పీకి, జానెడు కిందికి కొట్టాడు.

"ఇంకా."

వాడు మళ్లీ పీకాడు.